చల్లదనం వేరు, మందు దిగడం వేరు: ఒక పైపూత జెల్ ప్రాజెక్టు డైరీ

జూలై, మొదటి వారం

బీఫార్మసీ చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరు వచ్చి "హెర్బల్ జెల్ చేస్తాం మేడమ్" అన్నారు. ఏటా ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. కలబంద గుజ్జు, పసుపు, వేపాకు కలిపి ఆకుపచ్చగా ఏదో ఒకటి తయారు చేస్తారు. పీహెచ్ చూస్తారు, రెండు గాజు పలకల మధ్య ఎంత పరుచుకుంటుందో కొలుస్తారు, ఫలితాలు సంతృప్తికరమని రాసి బైండింగుకు ఇస్తారు. మందు చర్మం దాటిందా లేదా అన్న ప్రశ్న ఆ రిపోర్టుల్లో ఎక్కడా కనిపించదు. ఈసారి ఆ ప్రశ్నతోనే మొదలుపెడితే ఒప్పుకుంటానన్నాను.

"మీ ఇళ్లలో అమృతధార ఉందా?" అని అడిగాను. ఇద్దరిలో ఒకమ్మాయికి తెలుసు. వాళ్ల అమ్మమ్మ వాము పువ్వు, పుదీనా పువ్వు, ముద్దకర్పూరం సమపాళ్లలో చిన్న సీసాలో వేసి మూత బిగించేదట. కాసేపటికి మూడూ కరిగి నీళ్లలా అయిపోతాయి. నీళ్లు పోయలేదు, పొయ్యి మీద పెట్టలేదు. వాము పువ్వు అంటే థైమాల్, 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పుదీనా పువ్వు అంటే మెంథాల్, 42 డిగ్రీల ప్రాంతం. కర్పూరానికైతే 175 డిగ్రీలు దాటాలి. మూడూ కలిస్తే మాత్రం గది వేడికే ద్రవం. ఒకదాని అణువులు మరొకదాని స్ఫటికం కట్టుదిట్టంగా పేరుకోకుండా అడ్డుపడతాయి, అందుకే ద్రవీభవన స్థానం పడిపోతుంది. దీన్నే యూటెక్టిక్ మిశ్రమం అంటారు.

మన వాళ్లకు ఈ పదార్థాలు కొత్తవి కావు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలో ఉన్నవి ఈ కుటుంబానివే. హైదరాబాదులో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్‌లోనూ నీలగిరి తైలంతో పాటు ఇవే కనిపిస్తాయి. అయితే ఆ మందుల్లో ఈ పువ్వులే మందు. మేం అడగబోయేది వేరు. ఈ పువ్వుల సాయంతో మరో మందును చర్మం దాటించగలమా?

మందుగా నొప్పులకు వాడే ఐబుప్రోఫెన్‌ను ఎంచుకున్నాం. చౌక, దొరుకుతుంది, కొలవడం తేలిక. అణుభారం 206. చర్మం దాటాలంటే అణుభారం 500 లోపు ఉండాలని బోస్, మైనార్డి 2000లో చెప్పిన లెక్కకు ఇది చాలా దిగువన ఉంది. కొవ్వులో బాగా కరుగుతుంది. చిక్కల్లా అది 76 డిగ్రీల దాకా కరగని గట్టి స్ఫటికం కావడం. జెల్‌లో పొడిగా తేలుతున్న మందు చర్మంలోకి పోవాలంటే ముందు ఆ స్ఫటికం విడిపోవాలి.

ఈ ఆలోచన నాది కాదు. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టాట్, విలియమ్స్, బ్యారీ 1998లోనే చేసి చూపించారు. ఐబుప్రోఫెన్ 40, థైమాల్ 60 పాళ్లలో కలిపితే 32 డిగ్రీలకే కరిగింది. చర్మం పైభాగం ఉండే వేడి కూడా సరిగ్గా అంతే. ఇక కరగనంతగా మందు కరిగించిన మామూలు సంతృప్త ద్రావణం నుంచి మనిషి చర్మం పొర దాటిన మందుతో పోలిస్తే ఈ మిశ్రమం నుంచి 12 రెట్లకు పైగా దాటింది. మా పని అందులోంచి రోజూ రాసుకోగల జెల్ ఒకటి తయారవుతుందేమో చూడటం.

జూలై, మూడో వారం

కల్వంలో పని మొదలైంది. మెంథాల్ పొడవాటి సూదుల్లా మెరుస్తుంది, ఐబుప్రోఫెన్ తెల్లటి పొడి. రెండూ పొడిగా ఉన్నవే. పొత్రంతో నూరుతుంటే కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పొడి అంచుల్లో చెమ్మ పట్టినట్టయింది. "వానాకాలం కదా మేడమ్, గాలి తేమ పీలుస్తోందేమో" అన్నాడు విద్యార్థి. ఇంకో నిమిషానికి మొత్తం ముద్దయి పొత్రానికి అంటుకుంది. మరికాస్త నూరితే ముద్ద జారి కల్వం అడుగున తేటగా, జిడ్డుగా నిలిచింది. దాని గుండా కల్వం అడుగున ఉన్న గీతలు కనబడ్డాయి. ఆ అబ్బాయి మళ్లీ తేమ ప్రస్తావన తేలేదు.

ఐబుప్రోఫెన్‌ను 10 శాతం నుంచి 50 శాతం దాకా పెంచుకుంటూ వేర్వేరు పాళ్లలో కలిపి బిరడా బిగించిన పరీక్ష నాళికల్లో ఉంచాం. కొన్నింటిని బల్ల మీద, కొన్నింటిని ఫ్రిజ్‌లో. ఐబుప్రోఫెన్ 30, మెంథాల్ 70 ఉన్న నాళిక బల్ల మీద అన్నింటికన్నా నిలకడగా ద్రవంగా ఉంది. మందు వంతు పెరిగేకొద్దీ అడుగున తెల్లటి పొర పేరుకుంది. ఏ మిశ్రమం ఏ వేడికి కరుగుతుందో కచ్చితంగా కొలిచే డీఎస్‌సీ యంత్రం మా దగ్గర లేదు. నమూనాలు బయటి ల్యాబుకు పంపాం, గ్రాఫులు వచ్చేదాకా కంటితో చూసిందే ఆధారం.

థైమాల్ మిశ్రమం తీరు వేరు. ఏసీ గదిలో నాళికలో గట్టిగా గడ్డకట్టి ఉంటుంది. గ్లౌజు వేసుకున్న పిడికిట్లో కాసేపు బిగించి పట్టుకుంటే అంచుల నుంచి కరగడం మొదలవుతుంది. 32 డిగ్రీలు అని పుస్తకంలో చదవడం ఒక ఎత్తు, గుప్పిట్లో కరుగుతుంటే చూడటం ఒక ఎత్తు. ఆ రోజు ల్యాబులో ఉన్నవాళ్లందరూ ఆ నాళిక పట్టుకుని చూశారు.

ఇక్కడ 'సహజం' అన్న మాట గురించి. మెంథాల్ సీసా మీద మూలం పుదీనా అని ఉంది. ఉత్తర ప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల పండే జపాన్ పుదీనా నూనెను చల్లబరిచి స్ఫటికాలు తీస్తారు. మన దేశం నుంచి ప్రపంచానికంతా వెళ్లేది ఎక్కువగా అదే. థైమాల్ అలా కాదు. కర్నూలు ప్రాంతంలో వాము పండుతుంది, వాము నూనెలో సగం దాకా థైమాల్ ఉండగలదు కూడా. కానీ రసాయనాల దుకాణంలో దొరికే థైమాల్ చాలా వరకు క్రెసాల్ నుంచి ఫ్యాక్టరీలో చేసినదే. కర్పూరం సంగతీ ఇంతే, ఎక్కువ భాగం టర్పెంటైన్ నుంచి వస్తుంది. "అయితే మన ప్రాజెక్టు పేరులో నేచురల్ అని పెట్టకూడదా?" అని అమ్మాయి దిగాలుగా అడిగింది. పెట్టుకో అమ్మా, కానీ అణువుకు తన పుట్టుక గుర్తుండదు. చర్మం చూసేది దాని ఆకారం, పరిమాణం, మోతాదు. సరుకు ఎక్కడిదో తెలుసుకోవాల్సింది దాంతో పాటు వచ్చే మలినాల కోసం. విశ్లేషణ పత్రం లేని వాము పువ్వును నేను ల్యాబులోకి రానివ్వను.

ఆగస్టు

ద్రవం దొరికింది. దాన్ని జెల్‌లో ఎలా నిలపాలన్నది ఈ నెల పని.

అందరూ వెళ్లే దారి కార్బోపాల్, ఫ్యాక్టరీలో చేసిన చిక్కబరిచే పొడి. నీటిలో చల్లి, ట్రైఇథనోలమైన్ అనే క్షారం చుక్కలు వేస్తే క్షణాల్లో అద్దంలాంటి జెల్. మాకు అది పనికిరాలేదు, కారణం ఆ చుక్కల్లోనే ఉంది. ఐబుప్రోఫెన్ బలహీనమైన ఆమ్లం, దాని పీకేఏ, అంటే సగం అణువులు అయాన్లుగా మారే పీహెచ్, 4.5 దరిదాపు. కార్బోపాల్ చిక్కబడాలని పీహెచ్ 6, 7కు తీసుకెళ్తే మందులో అత్యధిక భాగం అయాన్లుగా మారి నూనె బిందువులను వదిలి నీటిలోకి వచ్చేస్తుంది. విద్యుదావేశం మోసే అణువుకు చర్మం పైపొరలోని కొవ్వుల్లో దారి దొరకదు. ఎంతో కష్టపడి ద్రవం చేసిన మందును మనమే ఉప్పుగా మార్చి నీటిలో కూర్చోబెట్టినట్టు అవుతుంది. మార్కెట్లో చక్కగా మెరిసే జెల్‌లు చూసినప్పుడల్లా ఈ లెక్క గుర్తుకొస్తుంది. మెరుపు వేరే పరీక్షలో మార్కులు తెస్తుంది.

కాబట్టి పీహెచ్‌తో నిమిత్తం లేని జిగురు కావాలి. గోరుచిక్కుడు గింజల జిగురు, అదే గ్వార్ గమ్, ఆవేశం లేని పాలిశాకరైడ్. ఆమ్లంలోనూ చిక్కబడుతుంది. క్షారం వేయకపోతే ఐబుప్రోఫెన్ కరిగిన నీరు తనంతట తానే పీహెచ్ 5 లోపే ఉంటుంది. చర్మం ఉపరితలం కూడా దాదాపు అక్కడే ఉంటుంది కాబట్టి మంటకు భయపడనక్కర్లేదు.

రాజస్థాన్ నుంచి వచ్చే గ్వార్ పొడిని నేరుగా నీటిలో పోస్తే ఉండలు కడుతుంది. పైన తడిసి లోపల పొడి పొడిగా మిగిలిపోతాయి, ఎంత తిప్పినా విడవవు. ముందు గ్లిజరిన్‌లో కలిపి పలుచని ముద్ద చేసుకుని, తిరుగుతున్న నీటిలోకి సన్నగా జార్చాలి. 2 శాతం చాలు, రాత్రంతా ఊరనివ్వాలి. మరునాటికి జెల్ చెంచాకు పట్టుకుని నెమ్మదిగా జారుతుంది.

మరో ఆశ కూడా ఉండింది. తపసి చెట్టు జిగురు, వ్యాపార భాషలో కరాయా. మన అడవుల్లో గిరిజనులు సేకరించేది, గిరిజన సహకార సంస్థ కొనేది. సహజంగానే ఆమ్ల గుణం ఉంది, పీహెచ్ నాలుగున్నర దగ్గర ఉంటుంది, మాకు సరిగ్గా కావాల్సిందే. చర్మానికి గట్టిగా అంటుకుంటుంది కాబట్టి పేగు శస్త్రచికిత్స అయినవాళ్లు పెట్టుకునే సంచుల అంచులకు దీన్ని వాడారు. ఆ అంటుకునే గుణమే మమ్మల్ని దెబ్బతీసింది. చేతి మీద రాస్తే లాగుతుంది, ఆరితే పెచ్చు కడుతుంది. పైగా దాని నుంచి సన్నగా వెనిగర్ వాసన వస్తుంది, అది జిగురులోని ఎసిటైల్ భాగాల పుణ్యం. అతికించే పట్టీకి ఇది బంగారం, రుద్దుకునే జెల్‌కు కాదు. పక్కన పెట్టాం, పారేయలేదు.

తూకం ఇలా కుదిరింది. 100 గ్రాముల జెల్‌కు ఐబుప్రోఫెన్ 5 గ్రాములు, దానికి తగ్గ మెంథాల్ 11.7 గ్రాములు, ఆ రెండింటి ద్రవాన్ని నీటిలో సన్నని బిందువులుగా నిలపడానికి కొద్దిగా పాలిసార్బేట్ 80, గ్లిజరిన్, గ్వార్, మిగతాది నీరు. మెంథాల్ ఎక్కువే. అమెరికాలో నొప్పి పూతల్లో 16 శాతం దాకా అనుమతి ఉంది కాబట్టి గీత దాటలేదు, కానీ కళ్ల దగ్గర చేయి పెట్టుకుంటే తెలుస్తుంది. నిల్వ కోసం ఫినాక్సీఇథనాల్ వేశాం. "మెంథాలే క్రిములను చంపుతుంది కదా" అని వదిలేయడానికి లేదు. గ్వార్ జెల్ బూజుకు విందు భోజనం. పైగా ఫినాక్సీఇథనాల్ కొంత నూనె బిందువుల్లోకి జారుకుంటుంది, నీటిలో మిగిలేది తగ్గుతుంది. సూక్ష్మజీవుల పరీక్ష పెట్టక తప్పదు.

ఆగస్టు చివర

చర్మం కోసం వేట.

డయాలసిస్ పొర మీద చేసిన పరీక్షను నేను ఒప్పుకోను. అది జెల్ మందును వదులుతుందా అన్నది మాత్రమే చెబుతుంది. చర్మం అడ్డు గోడ మొత్తం పైన 10 నుంచి 20 మైక్రాన్ల మందం ఉన్న చచ్చిన కణాల పొర, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఆ కొవ్వులు లేని పొర మీద మెంథాల్ చేసే పని కనిపించదు. మనిషి చర్మానికి దగ్గరగా ఉండేది పంది చెవి చర్మం.

పంది మాంసం అమ్మే మనిషి దగ్గరికి వెళ్లాం. చెవులు కావాలని, వేడినీళ్లలో ముంచకముందే కోసి ఇవ్వాలని చెప్పాను.

"ముంచకపోతే వెంట్రుకలు ఊడవు మేడమ్. ఎవరూ అలా పట్టుకెళ్లరు."

"వెంట్రుకల సంగతి మేం చూసుకుంటాం. వేడినీళ్లు తగిలితే మాకు పనికిరాదు."

60 డిగ్రీల నీటిలో ముంచితే వెంట్రుకలతో పాటు పైపొర కూడా వదులైపోతుంది. మేం చర్మం పొరలు విడదీయడానికి ల్యాబులో వాడే పద్ధతి కూడా అదే, 60 డిగ్రీల నీరు, ఒక నిమిషం. అక్కడ ముంచిన చెవి తెచ్చుకుంటే గోడ లేని ఇంట్లో తలుపు గట్టిదనాన్ని పరీక్షించినట్టు ఉంటుంది. మేకతల కాల్చి ఇస్తారు కాబట్టి అదీ కుదరదు.

ఆయన చెవులు కోసి సంచిలో వేస్తూ దేనికని అడిగాడు. కీళ్ల నొప్పి మందు పరీక్షకని చెప్పాను. కత్తి పట్టే భుజం చూపించి "అయితే నాకో డబ్బా ఇవ్వండి" అన్నాడు. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ఎవరికీ ఇవ్వబోమన్నాను. అర్థం కానట్టు చూశాడు. మందు చేసి దాచుకునేవాళ్లను ఆయన మొదటిసారి చూసి ఉంటాడు.

ల్యాబులో చల్లటి నీటితో కడిగి, వెంట్రుకలను కత్తెరతో కత్తిరించాం. రేజరు వద్దు, గీతలు పడితే అక్కడ మందుకు దొంగదారి. మృదులాస్థి మీద నుంచి చర్మాన్ని స్కాల్‌పెల్‌తో ఒలవడం ఓపిక పని, అమ్మాయి చేయి నా చేయి కన్నా నయం. అడుగున కొవ్వు తీసేసి, అల్యూమినియం రేకులో చుట్టి, ఏ చెవిదో రాసి ఫ్రీజరులో పెట్టాం. ఒక్కో జంతువు చర్మం ఒక్కోలా ఉంటుంది. అందుకే పోల్చాల్సిన ఫార్ములాలన్నీ ఒకే చెవి ముక్కల మీద నడపాలని ముందే నియమం పెట్టుకున్నాం.

సెప్టెంబరు

ఫ్రాంజ్ సెల్ చూడటానికి చిన్న గాజు బుడ్డి. థామస్ ఫ్రాంజ్ 1975లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు, ఇప్పటికీ ప్రపంచమంతా ఇదే వాడుతోంది. కింది గదిలో పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్, అందులో తిరిగే అయస్కాంత పూస, చుట్టూ 37 డిగ్రీల నీరు. మధ్యలో చర్మం, పైపొర పైకి ఉండాలి. పై గదిలో మా జెల్. కింది నీరు 37 ఉంటే చర్మం పైన 32 దగ్గర నిలుస్తుంది. పక్కనున్న సన్నని గొట్టం నుంచి నిర్ణీత వేళల్లో కొద్దిగా బఫర్ తీయాలి, తీసినంతా మళ్లీ వెచ్చని బఫర్ పోయాలి.

ప్రతి ముక్కకూ మల్టీమీటరుతో విద్యుత్ నిరోధం చూశాం. చిల్లు ఉంటే నిరోధం పడిపోతుంది, ఆ ముక్కను తీసేశాం. బుడగలు ఇంకో తలనొప్పి. చర్మం కింద గాలి బుడగ ఇరుక్కుంటే అంత మేర చర్మానికి బఫర్ తగలదు, మందు తక్కువ దాటినట్టు కనిపిస్తుంది. బఫర్‌ను ముందే శబ్ద తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో పెట్టి గాలి తీసేసినా వెచ్చబడేసరికి మళ్లీ వస్తాయి. సెల్‌ను తలకిందులు చేసి వేలితో తట్టి బుడగను పక్క గొట్టంలోంచి పంపించాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు.

కొలవడం యూవీతో, అంటే ద్రవం అతినీలలోహిత కాంతిని ఎంత పీలుస్తుందో చూసి. మెంథాల్‌కు ఇక్కడ ఒక గొప్ప సుగుణం ఉంది, అది యూవీ కాంతిని పీల్చదు. ఐబుప్రోఫెన్ 222 నానోమీటర్ల దగ్గర గట్టిగా పీలుస్తుంది. అయితే చర్మం నుంచి కారే ప్రొటీన్లు కూడా అక్కడే పీలుస్తాయి. అందుకని మందు లేని మెంథాల్ జెల్ పెట్టిన సెల్ ఒకటి ప్రతిసారీ పక్కన నడవాల్సిందే. దాని విలువ తీసేస్తేనే మిగిలింది మందు. థైమాల్ అలా కాదు, అదీ బెంజీన్ వలయమే కాబట్టి ఐబుప్రోఫెన్ సంకేతంలో కలిసిపోతుంది. థైమాల్ నమూనాలకు, కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం తప్పదు, దానికి వరుసలో నిలబడాలి.

అసలు పోలిక కోసం పెట్టినవి ఇవి: మెంథాల్ లేకుండా అదే 5 శాతం మందు పొడిగా తేలుతున్న గ్వార్ జెల్, ముందు మెంథాల్ రాసి తుడిచేసిన చర్మం మీద అదే పొడి జెల్, మా ద్రవ మిశ్రమం ఉన్న జెల్. మధ్యది లేకపోతే ఈ ప్రాజెక్టుకు అర్థం లేదు. మెంథాల్ రెండు పనులు చేయగలదు. చర్మంలోని కొవ్వుల వరుసను చెదరగొట్టి దారి వదులు చేయగలదు, మందును కరిగించి కదిలేలా చేయగలదు. ఏ పని ఎంతో విడదీసి చూడాలి. మెంథాల్ లాంటి మొక్కల నూనెల పదార్థాలను టెర్పీన్లు అంటారు, వాటి మొదటి గుణం చిన్నదేమీ కాదు. నీలగిరి తైలంలోని సినియోల్ 5-ఫ్లోరోయురాసిల్ అనే నీటి స్వభావపు మందు దాటే వేగాన్ని సుమారు 90 రెట్లు పెంచిందని విలియమ్స్, బ్యారీ 1991లో చూపారు. కానీ కొవ్వులో ముందే కరిగే ఐబుప్రోఫెన్‌కు ఆ లెక్క నేరుగా అంటించకూడదు.

మధ్యలో అబ్బాయి ఒక కాగితం తెచ్చాడు. సుశ్రుత సంహితకు డల్హణుడు రాసిన వ్యాఖ్యానంలో ఒంటికి రాసిన నూనె 300 మాత్రల (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు) కాలంలో రోమకూపాలకు, 400 మాత్రలకు చర్మానికి, 500 మాత్రలకు రక్తానికి చేరుతుందని, అలా మజ్జ దాకా లెక్క చెప్పారు. వాళ్ల దగ్గర ఫ్రాంజ్ సెల్ లేదు, ఆ అంకెల్ని నేను వాడుకోను. అయినా పొర తర్వాత పొర, ఒక్కోదానికి ఇంత సమయం అని ఆలోచించిన తీరు నాకు నచ్చింది. మేం గ్రాఫు మీద గీసే లాగ్ టైమ్, అంటే మందు చర్మం దాటి నిలకడగా కిందికి దిగడం మొదలయ్యేదాకా పట్టే సమయం, అడిగే ప్రశ్న కూడా అదే. రిపోర్టు ముందుమాటలో పెట్టుకోమన్నాను, ఫలితాల్లో కాదు.

సెప్టెంబరు చివర

గ్రాఫులు వచ్చాయి. పొడి జెల్ గీత దాదాపు నేలను అంటుకుని పాకింది. ముందే మెంథాల్ రాసిన చర్మం మీద అదే జెల్ కాస్త లేచింది. ద్రవ మిశ్రమం ఉన్న జెల్ గీత మాత్రం లాగ్ టైమ్ దాటగానే నిటారుగా ఎక్కింది. చెవి మారినప్పుడు అంకెలు మారాయి, మూడు గీతల వరుస మాత్రం మారలేదు. అంటే మా మందు విషయంలో దారి వదులు కావడం కన్నా మందు కరిగి ఉండటమే ఎక్కువ పని చేసింది. బ్రాడ్‌ఫర్డ్ వాళ్ల ఫలితాలు కూడా అదే దిశలో ఉన్నాయి కాబట్టి ఆశ్చర్యం లేదు, ధైర్యం మాత్రం వచ్చింది.

హెచ్‌పీఎల్‌సీలో థైమాల్ మిశ్రమం మెంథాల్‌ను మించింది. విద్యార్థులిద్దరూ థైమాల్‌కు మారిపోదామన్నారు. వద్దన్నాను. 5 గ్రాముల మందుకు 7.5 గ్రాముల థైమాల్ కావాలి. శుద్ధమైన థైమాల్ చర్మాన్ని కాల్చే రసాయనాల జాబితాలో ఉంది. మోకాలికి రోజుకు రెండు మూడు సార్లు రాసుకోవాల్సిన జెల్‌లో అంత వేసి, వాము కదా వంటింటిదే కదా అని సర్దిచెప్పుకోలేను. వాము అన్నంలో కలుపుకునేది చిటికెడు. గ్రాఫులో ఎత్తున ఉన్న గీతే గెలిచిందనుకునే అలవాటు ఫార్మసీలో చాలామందికి ఉంది. దారి తెరిచే పదార్థం మనం పంపాలనుకున్న మందుకే కాదు, చర్మం మీదున్న ప్రతిదానికీ తెరుస్తుంది.

అక్టోబరు

జెల్‌ను గాజు పలక మీద పల్చగా రాసి, మూత లేకుండా వదిలి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమన్నాను. సీసాలో ఎలా ఉందన్నది కాదు, ఒంటి మీద ఎలా ఉంటుందన్నది చూడాలి కదా.

మొదట గుండ్రటి బిందువులు, ఒకదాన్నొకటి తాకుతూ. ఫ్యాను గాలికి నీరు ఆరుతుంటే బిందువులు దగ్గరయ్యాయి. ఇంకాసేపటికి ఒక బిందువు అంచున సన్నని ముల్లు మొలిచింది. చూస్తుండగానే పక్క బిందువులోకి పొడుచుకుపోయింది, అక్కడి నుంచి మరో ముల్లు. గంట తిరిగేసరికి పలక నిండా తెల్లటి ఈనెలు. మెంథాల్ ఆవిరి స్వభావం కలది. అది ఎగిరిపోతుంటే 30:70 పాళ్లు మారిపోయి ఐబుప్రోఫెన్ మళ్లీ తన స్ఫటికంలోకి వెళ్లిపోయింది. ఫ్రాంజ్ సెల్ మూత బిగించి నడిపాం కాబట్టి అక్కడ ఇది కనిపించలేదు. మోకాలికి మూత ఉండదు.

ఇప్పుడు ఆవిరి కాని తోడు ఒకటి కావాలి. ఆముదం వేసి చూశాం. ఇతర నూనెల కన్నా దీనికి ధ్రువ స్వభావం ఎక్కువ, రిసినోలెయిక్ ఆమ్లంలో ఉన్న అదనపు హైడ్రాక్సిల్ వల్ల. ఐబుప్రోఫెన్ బాగానే కరిగింది. పలక మీద ముళ్లు మొలవలేదు, మరునాడు చూసినా బిందువులు అలాగే ఉన్నాయి. విద్యార్థులు సంబరపడ్డారు.

మళ్లీ సెల్‌లో పెట్టాం, ఈసారి మూత లేకుండా. ముళ్లు లేవు గానీ గీత కిందికి దిగింది. మందుకు ఆముదంలో సుఖంగా ఉంది, చర్మంలోకి వెళ్లాల్సిన తొందర లేదు. ఎంత కరిగిందన్నది కాదు, సంతృప్త స్థితికి ఎంత దగ్గరగా ఉందన్నదే మందును తోస్తుంది. ఆముదం తగ్గించుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ముళ్లు మొలవని, గీత మరీ పడని మోతాదు దొరకాలి. ఆ వెతుకులాట సాగుతోంది. అక్టోబరంతా దీనికే పోయింది, పోవాల్సిందే.

నవంబరు

సెల్ కింది గదిలోకి దిగిన మందునే ఇన్నాళ్లూ లెక్కపెట్టాం. కీలు దగ్గరి నొప్పికి అది సగం కథ. రక్తంలోకి కొట్టుకుపోయే మందు కన్నా చర్మంలో, దాని కింద నిలిచే మందు ముఖ్యం. అందుకని పరీక్ష ముగిశాక చర్మాన్ని తుడిచి, సెల్లో టేపు అంటించి లాగుతున్నాం. ఒక్కో టేపుకు పైపొరలో ఒక పలుచని వరుస ఊడి వస్తుంది. మొదటి టేపు పారేస్తాం, అది పైన మిగిలిన జెల్. మిగతా టేపులను, కింద మిగిలిన చర్మాన్ని విడివిడిగా మిథనాల్‌లో నానబెట్టి మందు కొలవాలి. ఎంత ఒత్తిడితో అంటించామో, ఎంత వేగంగా లాగామో అంకెలు దాన్ని బట్టి మారతాయి. అందుకే టేపు పని మొత్తం ఒకే మనిషి చేయాలి. అమ్మాయే చేస్తోంది.

ఈలోగా వార్త కాలేజీలో పాకింది. ఆఫీసులో ఒకాయనకు మెడ నొప్పి. ల్యాబుకు వచ్చి, డబ్బా మూత తీసి వాసన చూసి "అబ్బ, ఘాటుగా ఉంది, పని చేస్తుంది" అన్నారు. ఈ ప్రాజెక్టు అంతా ఆ మాటకు సమాధానమే. మెంథాల్ చల్లదనం చర్మంలోని నాడుల చివర ఉండే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం పని, 2002లో బయటపడిన సంగతి. ఉష్ణోగ్రత తగ్గకపోయినా చలి తగిలిందని అది మెదడుకు చెబుతుంది. కొంత ఉపశమనం నిజమే. కానీ మా మందు లేని మెంథాల్ జెల్ రాసినా అంతే చల్లగా ఉంటుంది. ఐబుప్రోఫెన్ ఒక్క అణువు కూడా దిగకపోయినా రోగి బాగుందనే చెబుతాడు. అందుకే దుకాణాల్లో ఏ నొప్పి పూత అయినా మొదటి నిమిషంలోనే నమ్మకం కలిగిస్తుంది.

ఆయనకు జెల్ ఇవ్వలేదు. విద్యార్థులు తమ మోకాళ్ల మీదే రాసుకుని చూస్తామని అడిగితే అదీ వద్దన్నాను. మనుషుల మీద ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, అది బీఫార్మసీ ప్రాజెక్టు పరిధి కాదు. అలాంటి పరీక్ష ఎప్పుడైనా జరిగితే పోలికకు పెట్టే ఉత్తుత్తి జెల్‌లో కూడా అంతే మెంథాల్ ఉండాలని రిపోర్టులో ఒక పేరా రాయమన్నాను. మామూలు జెల్‌తో పోలిస్తే వాసనతోనే ఎవరికి ఏది వచ్చిందో తెలిసిపోతుంది.

నిల్వ పరీక్షకు పెట్టిన డబ్బాల్లో 40 డిగ్రీల దగ్గర ఉన్నవాటిలో గ్వార్ పలుచబడుతోంది. ఇది ఊహించిందే, సహజ జిగురులకు ఉన్న జబ్బే ఇది. గ్వార్‌లో కొంత తీసి గ్జాంథన్ అనే మరో జిగురు కలిపితే నిలుస్తుందేమో చూడాలి. సూక్ష్మజీవుల పరీక్ష ప్లేట్లు ఇంకా ఇంక్యుబేటర్‌లోనే ఉన్నాయి. డీఎస్‌సీ గ్రాఫులు చేతికి వచ్చాయి, 30:70 మిశ్రమం మేం కంటితో చూసినదానికి సరిపోయింది. ఆముదం సగానికి తగ్గించిన జెల్ రేపు సెల్‌లోకి వెళ్తుంది, మూత లేకుండా, పక్కనే ఆముదం లేనిది, రెండూ ఒకే చెవి ముక్కల మీద. ఫ్రీజరులో చర్మం అయిపోవచ్చింది. ఆదివారం పొద్దున్నే, నీళ్లు కాగకముందే దుకాణం దగ్గర ఉండాలి.